వదిలేసిన నాలుగు సాళ్లు

ఈ వారం మా వీధి అమ్మాయి ఒక కరపత్రం తెచ్చి నా చేతిలో పెట్టింది. "బాబాయిగారూ, నలభై సిట్టింగులట. మా పిల్లాడికి చదువు మీద గురి కుదురుతుందట. కౌలు డబ్బులున్నాయి, కట్టెయ్యమంటారా?"

దాని పేరు న్యూరోఫీడ్‌బ్యాక్. తలకు తీగలు అంటించి మెదడు తరంగాలు చదువుతారు. మందకొడి థీటా తగ్గి, చురుకైన బీటా పెరిగితే తెర మీద కారు పరుగెడుతుంది, లేకపోతే ఆగుతుంది. సెకన్ల కొద్దీ నెమ్మదిగా ఎక్కిదిగే విద్యుత్తును అదుపు చేయించే రకం ఇంకొకటి. 12-15 హెర్ట్జ్ లయను పెంచే రకం 1960ల్లో అమెరికాలో స్టెర్మన్ అనే శాస్త్రవేత్త పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో పుట్టింది. ఆ లయ నేర్చిన పిల్లులకు రాకెట్ ఇంధనపు విషం ఎక్కించినా మూర్ఛ ఆలస్యంగా వచ్చిందట. పిల్లికి ఏ ఆశా ఉండదు కనుక ఆ సాక్ష్యం నాకు నచ్చింది.

మనుషులకు ఆశ ఉంటుంది. అందుకే నా పాత పాట: మందు పనిచేసిందంటే, కొట్టకుండా వదిలిన సాళ్లెన్ని?

1987లో తెల్లదోమ పత్తిని ముంచిన ఏడు మా నాన్న నాలుగు సాళ్లు మందు కొట్టకుండా వదిలేశాడు. ఊరంతా నవ్వింది. గాలికి మందు అటూ పడుతుంది, అదేం లెక్కని పురుగుమందుల కొట్టాయన కసిరాడు. (ఆ మాటలో న్యాయముందని ఇప్పుడనిపిస్తుంది.) కొట్టిన సాళ్లూ, కొట్టనివీ ఒకేలా మసిబట్టాయి. నాన్న మళ్లీ డబ్బా కొనలేదు. పక్క చేలాయన అప్పు తెచ్చి మరీ కొట్టాడు. ఆయన సంగతి ఎత్తితే నాన్న భోజనం మధ్యలో లేచిపోయేవాడు.

అమెరికాలోనూ సాళ్లు వదిలారు. 2021లో అచ్చయిన న్యూరోఫీడ్‌బ్యాక్ పరీక్షలో, ఏకాగ్రత కుదరని 144 మంది పిల్లల్లో కొందరికి వాళ్ల తరంగాలే చూపించారు, మిగతావాళ్లకు ముందే రికార్డు చేసినవి. ఎవరికేది అందిందో తల్లిదండ్రులకూ తెలియదు. చివరికి రెండు గుంపుల మధ్య తేడా తేలలేదు.

వద్దని చెప్పేద్దామనుకున్నాను. కానీ రెండు గుంపులూ బాగానే మెరుగుపడ్డాయి! ఉత్తుత్తి తరంగాలు చూసినవాళ్లకు దక్కిందేమిటి? వారం వారం తీసుకెళ్లే అమ్మ, బుజ్జగించి కూర్చోబెట్టే మనిషి, కదలకుండా ఓ గంట. అంతేనా?

అంతే అయితే దానికి కౌలు డబ్బులెందుకని, ముందు పిల్లల డాక్టరుకు చూపించమని చెప్పి, వాణ్ణి సాయంత్రాలు నా దగ్గర కూర్చోబెట్టమన్నాను. రెండు రోజులు వచ్చాడు. మూడో రోజు గోడ దూకి పారిపోయాడు. తెర మీద కారుంటే వచ్చేవాడేమో.