చీర పక్కన పెట్టుకుని దిద్దాలి

ఆన్‌లైన్‌లో చేనేత చీరలు అమ్ముదామనుకునేవాళ్లు ఫొటోల విషయంలో మొదట అడిగేది ఏ ఫోన్ కొనాలి, ఏ యాప్ వాడాలి అని. ఓ మాదిరి ఫోనూ, ఉచితంగా దొరికే స్నాప్‌సీడూ ఈ పనికి చాలు. నేర్చుకోవాల్సింది వేరే ఉంది. ఫొటోలో వచ్చిన తప్పును దిద్దడం ఎక్కడ ముగుస్తుందో, చీరనే మార్చేయడం ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టాలి. దీన్ని నిజాయితీ ఖాతాలో వేసి వదిలేస్తుంటారు గానీ, నేను పనితనం కిందే లెక్కేస్తాను. ఎంత నిజాయితీపరులైనా సరే, చీరను పెట్టెలో పెట్టేసి ఫోన్ తెరనే చూస్తూ ఎడిట్ చేస్తే తప్పుడు ఫొటోనే తయారవుతుంది.

తెల్లకాగితం ఎండలోనైనా, పసుపు వెలుగిచ్చే బల్బు కిందైనా మన కంటికి తెల్లగానే ఉంటుంది. మెదడు సర్దుకుంటుంది. కెమెరాకు ఆ సర్దుబాటు అరకొరగానే తెలుసు. వెలుగు రంగు కొలతలో మధ్యాహ్నపు వెలుతురు సుమారు 5500 కెల్విన్లు, పాత ఫిలమెంటు బల్బు 2700 దగ్గర. కిటికీ వెలుగు ఒకవైపు, బల్బు వెలుగు మరోవైపు పడితే ఒకే చీర రెండు రంగులవుతుంది, ఏ స్లైడరూ ఆ రెండింటినీ ఒకేసారి సరిచేయలేదు. కాబట్టి ఇంట్లో లైట్లన్నీ ఆర్పి, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన చీర పరిచి, అంచు దగ్గర తెల్లకాగితం ఒకటి ఉంచి తీయాలి. వైట్ బ్యాలెన్స్‌ను ఆ కాగితంతో సరిచూసుకుని, తర్వాత కాగితాన్ని క్రాప్‌లో తీసేయొచ్చు. అయినా వంగపండు రంగు నీలానికి తిరగొచ్చు, రాణీ పింక్‌లో మడతలు కరిగి ముద్దగా కనిపించొచ్చు. అప్పుడు పక్కనున్న చీరతో పోల్చి ఆ ఒక్క రంగునే కాస్త తగ్గించాలి. పడుగు ఒక రంగు, పేక మరో రంగు వేసి నేసిన చీరనైతే ఒక్క ఫొటోలో చూపడం ఎవరి తరమూ కాదు. రెండు కోణాల్లో తీయాలి, లేదా చిన్న వీడియో పెట్టాలి.

అందం పెంచబోయి చీర విలువ తగ్గించేవాళ్లూ ఉన్నారు. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. మగ్గం మీద ఆ పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి డిజైన్ అంచులు ఈకలా చెదిరినట్టుంటాయి. చేతిపనికి గుర్తు అదే. నాయిస్ తగ్గించే టూల్‌తో గుడ్డను నున్నగా చేసి, ఆపైన షార్ప్‌నెస్ పెంచితే ఆ చెదురు పోయి అచ్చం ప్రింటు చీరలా తయారవుతుంది. ఇక దీనికి ఇంత ధరేమిటని కొనేవాళ్లు అడిగారంటే తప్పు వాళ్లది కాదు. గద్వాల చీరలోనూ అంతే. నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోట తీసిన ఒక్క క్లోజప్, నునుపు చేసిన ఆరు ఫొటోల పెట్టు.

మెరిసే ఫొటో దగ్గరే వేలు ఆగుతుంది కదా అంటారు. నిజమే, ఆగుతుంది. కానీ కనకాంబరం రంగనుకుని తెప్పించుకున్నది ఇటుక రంగులో దిగితే వెనక్కి పంపేస్తారు. పార్సిల్ ఖర్చు చాలాసార్లు అమ్మినవాళ్ల నెత్తినే పడుతుంది, మడత నలిగిన చీర మళ్లీ కొత్తదాని ధర పలకదు. పైగా 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, ప్రకటనలో చూపినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటుంది: ఒక్కో ఫోన్ తెర ఒక్కో రంగు చూపిస్తున్నప్పుడు అసలు రంగు కోసం ఇంత తాపత్రయం దేనికి? కొనేవాళ్ల తెర తేడా మన చేతిలో లేదు, దానికి మన తేడా కూడా జోడించకుండా ఉండటం మాత్రం మన చేతిలోనే ఉంది. అమ్మేవాళ్ల ఫోనే ‘వివిడ్’ మోడ్‌లో ఉంటే దిద్దినదంతా వృథా. ముందు దాన్ని ‘నేచురల్’కు మార్చుకోవాలి.

ఇదంతా ఎడిటింగ్ వద్దనడం కాదు. అమెజాన్ మొదటి ఫొటోకు పూర్తి తెల్లని నేపథ్యం అడుగుతుంది, అది ఎడిటింగ్ లేకుండా రావడం కష్టం. వాటంతటవే నేపథ్యం తీసేసే యాప్‌లు కొంగు కుచ్చులను కూడా కొరికేస్తాయి కాబట్టి అక్కడ ఓపిగ్గా చేత్తో దిద్దాల్సిందే. ఏఐ మోడల్‌కు చీర కట్టించే యాప్‌ల సంగతి వేరు. అవి తమకు కనిపించని బుటాలనూ అంచునూ ఊహించి వేసేస్తాయి. కట్టు తీరు చూపడానికి అలాంటి ఫొటో కావాలనుకుంటే చివర్లో పెట్టి, అది ఏఐ బొమ్మ అని కింద రాయాలి. మొదటి ఫొటో, కొంగు ఫొటో మాత్రం పరిచి తీసిన అసలు చీరవే అయ్యుండాలి.