పూతరేకుల ఫోటో

చిన్న ఊళ్ళో డాక్టరు నంబరు మందుల షాపులో, ఆటో స్టాండులో, చుట్టుపక్కల పల్లెల్లోని రోగుల బంధువుల దగ్గరా ఉంటుంది. వాళ్ళలో చాలామంది నంబర్లు మన ఫోన్లోనూ ఉంటాయి. అలా ఇద్దరి దగ్గరా నంబరుంటేనే వాట్సాప్ స్టేటస్ కనపడేది. అంచేత నేను ఆత్రేయపురం పూతరేకులు తింటూ ఫోటో పెడితే, ముందు చూసేది నా షుగరు పేషెంట్లే. "మమ్మల్ని మానెయ్యమని మీరు లాగించేస్తున్నారేం డాక్టరుగారూ?" అని ఓపీలో కూర్చుని అడుగుతారు. అడగనీండి. ఎవరికి కనపడాలో ఎంచుకునే సెట్టింగు ఉందిగానీ, రోజూ చేరే కొత్త నంబర్లను ఏరుతూ కూర్చునే ఓపిక నాకు లేదు.

సొంతానికో ఖాతా, వృత్తికో ఖాతా పెట్టుకోమని కుర్ర డాక్టర్లకు చెబుతుంటారు. మనిషికి రెండు గుర్తింపులుండడం నిజాయితీ లేకపోవడమేనని ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్ ఒకప్పుడు అన్నాడు. నేనొప్పుకోను (ఆ మాట ఆయన వ్యాపారానికి పనికొస్తుంది, మనకు కాదు). కానీ ఊళ్ళో రెండు ఖాతాలూ నిలవవు. పేరు ముందు డాక్టరని రాసుకోకపోయినా రైతుబజార్లో గుర్తుపట్టేస్తారు. నేను పట్టుకున్నది ఒక్కటే: నా సంగతి బయటపడితే నవ్వుకుని పోతారు, రోగి సంగతి మాత్రం గది దాటకూడదు.

జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన నిబంధనల్లో ఈ ముక్క ఉంది. నయమైన రోగుల ఫోటోలు, ఆపరేషన్ వీడియోలు పెట్టకూడదు. లైకులు, ఫాలోవర్లను కొనకూడదు. మందులకు జనరిక్ పేర్లే రాయాలన్న దగ్గర గొడవ రేగి, ఆ నెలలోనే మొత్తం నిలిపేశారు. సోషల్ మీడియా భాగమూ దాంతోపాటే అటకెక్కింది. ఎవరూ బెంగపడినట్టు లేదు. ముఖం బ్లర్ చేశాం కదా అంటారు. పల్లెలో చేతిమీది పచ్చబొట్టు చాలు, మంచం పక్కన నిలబడ్డ తల్లి చీర చాలు, ఎవరి బిడ్డో చెప్పేస్తారు. "నిన్న ఓ వింత కేసు వచ్చింది" అని పేరు లేకుండా రాసినా అంతే. నిన్న ఆసుపత్రికి ఎవరు వెళ్ళారో ఊరికి తెలుసు.

రోగులే గది దాటి వచ్చేస్తే ఏం చెయ్యాలి? మా అమ్మాయి పెళ్ళి ఫోటో కింద కామెంటు: "శుభాకాంక్షలు సార్, బాబుకి రాత్రి నుంచి విరేచనాలు, ఏం వెయ్యాలి?" ఓఆర్‌ఎస్ పట్టిస్తూ తీసుకురమ్మని మాత్రం రాస్తాను. వయసెంత, మూత్రం పోస్తున్నాడా, కళ్ళు లోతుకు పోయాయా అన్నవి ఫోన్ చేసి అడుగుతాను. ఆ జవాబులు మా వియ్యాలవారు చదివే చోట ఎందుకు? ఫోన్ పెట్టేశాక కామెంటు కింద ఓ నమస్కారం బొమ్మ పెడతాను, శుభాకాంక్షలకి.