మారిన విలువ తెరకు తెలిసే తీరు

ప్రోగ్రాములోని ఒక విలువను తెర మీది గడితో ముడివేసి, అక్కడున్నదే ఇక్కడ కనిపించేలా చేసే ఏర్పాటును డేటా బైండింగ్ అంటారు. ముడి వేసినంత మాత్రాన మూలంలోని మార్పు తెరకు దానంతటదే తెలిసిపోదు. కోడ్ ఆ విలువను మార్చినప్పుడల్లా, దాన్ని మోస్తున్న ఆబ్జెక్ట్ ఫలానా ప్రాపర్టీ, అంటే తనలోని ఫలానా పేరుగల విలువ, మారిందని చాటింపు వేస్తే, అది విన్న తెర వచ్చి కొత్త విలువను చదువుకుని పోతుంది. ఎవరు వింటున్నారో, అసలు వినేవారున్నారో లేదో చాటే ఆబ్జెక్ట్‌కు అక్కరలేదు. ఈ పద్ధతి గొప్పతనమంతా ఆ అక్కరలేకపోవడంలోనే ఉంది. ఒకే డేటాకు నేడు పట్టికను, రేపు గ్రాఫ్‌ను ముడివేసినా డేటా వైపు కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనవసరం లేదు.

ఈ ఆలోచన స్మాల్‌టాక్ భాష చుట్టూ పెరిగింది. జెరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రమైన పార్క్‌లో 1979లో నార్వే శాస్త్రజ్ఞుడు ట్రిగ్వె రీన్స్‌కౌగ్ డేటాను, దాని దృశ్యాన్ని వేరుచేసి మోడల్-వ్యూ-కంట్రోలర్ పద్ధతిని రూపొందించగా, 1994లో వెలువడిన డిజైన్ ప్యాటర్న్స్ గ్రంథం ఈ చాటింపు సంబంధాన్ని అబ్జర్వర్ అన్న పేరుతో ఒక నమూనాగా వివరించింది. మైక్రోసాఫ్ట్ 2005లో తన ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ 2.0తో తెచ్చిన ఐనోటిఫైప్రాపర్టీఛేంజ్‌డ్ అన్న ఇంటర్‌ఫేస్, అంటే ఆబ్జెక్ట్ పాటించవలసిన ఒప్పందం, ఆ సంప్రదాయానికి వారసురాలే. పేరు బారెడు గానీ అందులో ఉన్నది ఒక్కటే ఈవెంట్, అంటే ఆ చాటింపే.

విలువను మార్చే కోడ్‌ను సెట్టర్ అంటారు. అందులో పాత విలువను కొత్తదానితో పోల్చి, రెండూ ఒకటే అయితే వెనుదిరగడం, వేరైతే ముందు కొత్త విలువను భద్రపరచి ఆ తరువాతే చాటడం ఆనవాయితీ. ఈ వరుస తిరగబడితే, చాటింపు విని పరుగున వచ్చిన తెర పాత విలువనే చదువుకుని తృప్తిపడుతుంది. పోలిక మానేస్తే, ఒకదాన్నొకటి మార్చుకునే రెండు ప్రాపర్టీలు ఆగకుండా చాటుకుంటూ పోయే ప్రమాదముంది. తొలినాళ్లలో చాటింపులో ప్రాపర్టీ పేరును కొటేషన్ గుర్తుల నడుమ చేత్తో రాయవలసి వచ్చేది కనుక, ఒక్క అక్షరం తప్పినా కంపైలర్ పట్టుకునేది కాదు, తెర కదిలేది కాదు. 2012లో డాట్‌నెట్ భాష సీషార్ప్ 5తో ఆ పేరును కంపైలరే నింపే సౌకర్యం వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది. కావాలని పేరును ఖాళీగా పంపితే అన్ని ప్రాపర్టీలూ మారాయని అర్థం. సులువే కానీ, ఒక ఇంటి కబురుకు ఊరంతా దండోరా వేయించడం వంటిది.

జాబితాల సంగతి వేరు. వరుసలు చేరినా తొలగినా అబ్జర్వబుల్ కలెక్షన్ అనే డాట్‌నెట్ జాబితా చాటుతుంది గానీ, ఒక వరుస లోపల ధర మారితే ఆ వరుసే చాటుకోవాలి.

అనుభవజ్ఞులు కూడా తడబడేది ఇతర విలువల నుంచి లెక్కకట్టే ప్రాపర్టీల దగ్గర. బిల్లులో ధర 40 రూపాయలు, పరిమాణం 3 అయితే మొత్తం 120 అని తెర చూపుతుంది. పరిమాణాన్ని 5 చేసి, అది మారిందని మాత్రమే చాటి, దాని మీద ఆధారపడిన మొత్తం మాట మరచిపోతే, ప్రోగ్రాము అడిగిన ప్రతిసారీ 200 అనే చెబుతుంది, తెర మీద మాత్రం 120 అలాగే ఉండిపోతుంది.