ఎవరు పేర్చారీ రాళ్ళని?

వింత ఫొటోలకి ఓ పద్ధతుంది. ఫిన్లాండ్ అడవిలో కుమ్మకివి, మయన్మార్‌లో బంగారు రేకులు అద్దిన గుండు, మహాబలిపురంలో కృష్ణుడి వెన్నముద్ద... ఒక్కోదానికీ ఒక్క వాక్యం చొప్పున వరసగా ఫోన్లోకి వచ్చి పడతాయి. "అమ్మో, ఎలా నిలబడిందో!" అని మనం అనుకునేలోపు తర్వాతి బొమ్మ వచ్చేస్తుంది. ఊరు పోతుంది, తేదీ పోతుంది, తీసినవాడి పేరు ముందే పోయింది. మిగిలేది నోరు తెరవడం ఒక్కటే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్న మష్రూమ్ రాక్ ఫొటోని ఈ వరసలో పెడితే చక్కగా ఇమిడిపోతుంది. నా పేచీ ఆ ఇమిడిపోవడంతోనే.

ఎందుకంటే ఈ రాళ్ళ కథ ఒకటి కాదు. కుమ్మకివిని మంచుయుగంలో హిమానీనదం మోసుకొచ్చి అక్కడ వదిలేసింది. అది నిజంగానే ఎక్కడినుంచో వచ్చిన రాయి. మన గచ్చిబౌలి, రాయదుర్గం గుండ్లు అలా కాదు. ఇవి ఎక్కడినుంచీ రాలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు ఇది. నేలకింద ఉండగానే ఆ రాతికి నిలువుగా, అడ్డంగా బీటలు పడ్డాయి. బీటల్లోకి నీరు దిగింది. మూలల్ని మూడు వైపులనుంచీ నీరు తింటుంది కాబట్టి మూలలు ముందు మెత్తబడ్డాయి, మధ్యలో గట్టి భాగం గుండ్రంగా మిగిలింది. ఆ తర్వాత చుట్టూ ఉన్న మెత్తటి మట్టి వానలకి కొట్టుకుపోయింది. మనం ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు చూసేది, నిజానికి ఒక్క బండే. దాని మధ్యనున్నది పోయింది, అంతే. ఫొటో మాత్రం "ఎవరు పేర్చారు?" అని అడిగిస్తుంది. ఎవరూ పేర్చలేదు. అడగాల్సింది చుట్టూ ఉన్నది ఏమైందని.

హైటెక్ సిటీ విషయంలో ఈ ప్రశ్న మరీ పదునుగా తగులుతుంది. అందరూ చూసే ఉంటారు, "అప్పుడు – ఇప్పుడు" జంట ఫొటోలు. ఎడమవైపు గుండ్రటి సైబర్ టవర్స్ ఒంటరిగా ఉంటుంది. 1998 నవంబరు 22న వాజ్‌పేయి ప్రారంభించిన భవనం. కుడివైపు అదే చోట అద్దాల మేడలు, ఫ్లైఓవర్లు. కింద రాసే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "అప్పట్లో ఇక్కడ ఏమీ లేదు." ఎడమవైపు బొమ్మని ఇంకోసారి చూడండి. గుట్టలున్నాయి, బండలున్నాయి, తుప్పలున్నాయి. ఫొటో చూపిస్తూనే ఉంది, కింది వాక్యం వద్దంటోంది. ఫొటో విమర్శలో మనం కాంతి, కోణం, కూర్పు అంటూ మాట్లాడుకుంటాం గానీ, బొమ్మకింద రాసే ఒక్క ముక్క కన్ను మూసేయగలదన్న సంగతి తక్కువ మాట్లాడతాం. ఆ గుట్టల్ని పగలగొట్టిన మనుషులు, ఉలీ సమ్మెటా పట్టిన వడ్డెరవాళ్ళు, తర్వాత కంప్రెసర్లు పట్టిన కూలీలు, ఆ రెండు బొమ్మల్లోనూ లేరు. వాళ్ళ పనంతా రెండు ఫొటోల మధ్యనున్న సన్నటి తెల్లగీతలో జరిగిపోయింది.

ఇక్కడ రాజా దీన్ దయాళ్ గుర్తొస్తాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. రూర్కీలో ఇంజినీరింగు చదివినవాడు. ఆ కాలపు కట్టడాల ఫొటోల్లో ఒక మూల మనిషిని నిలబెట్టడం అలవాటు, కొలత తెలియడానికి. ఆ మనిషి పేరు ఎవరూ రాసిపెట్టలేదు, అదొక లోపమే. అయినా ఒక మనిషంటూ ఉన్నాడు. బండ ఎంత పెద్దదో వాడి పక్కన తెలుస్తుంది. ఇవాళ దుర్గం చెరువు మీద డ్రోన్ తీసే ఫొటోల్లో 2020లో తెరిచిన తీగల వంతెన వెలుగుతూ ఉంటుంది, మనిషి చీమంత కూడా కాడు. అందంగా లేవని కాదు, ఉన్నాయి. కానీ అవి చూశాక అక్కడి గుట్ట ఎత్తెంతో చెప్పమంటే చెప్పలేం.

ఇక 2025 వసంతం. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద గొడవ. భూమి ఎవరిదన్న వాదన ఈ వ్యాసం పని కాదు. బొమ్మల సంగతే చూద్దాం. సరిగ్గా ఆ రోజుల్లోనే జిబ్లీ శైలి బొమ్మల పిచ్చి లోకమంతా పట్టుకుంది. మష్రూమ్ రాక్, దాని ముందు బుల్‌డోజర్లు, జింకలు, ఒక నెమలి – జిబ్లీ రంగుల్లో ఒక ఏఐ బొమ్మ తెగ తిరిగింది. దాన్ని పంచుకున్నందుకు ఒక ఐఏఎస్ అధికారికి పోలీసు నోటీసు కూడా వెళ్ళింది. ఏఐ బొమ్మలు జనాన్ని తప్పుదోవ పట్టించాయని ప్రభుత్వం అంది.

ఆ బొమ్మ గురించి నా అభిప్రాయం సూటిగానే చెప్తాను. అది అబద్ధమని నేను అనను. కార్టూన్‌ని ఫొటో అనుకునేవాళ్ళెవరు? కానీ అది చెడ్డ బొమ్మ. జింక ఎక్కడ నిలబడితే మన గుండె కరుగుతుందో అక్కడే నిలబెట్టింది. మష్రూమ్ రాక్‌ని ఒక బొమ్మల పుస్తకం అట్ట చేసింది. చేత్తో బొమ్మలు గీసే మియజాకి, అడవి కోసం కొట్లాడే 'ప్రిన్సెస్ మొనోనోకే' తీసిన మియజాకి, తన శైలిని యంత్రం ఇలా వండి వార్చడం చూస్తే ఏమంటాడో వేరే చెప్పాలా. పైగా దానివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు: అసలు ఫొటోలు, వీడియోలు తీసిన విద్యార్థుల మీద కూడా "ఇదీ ఏఐ ఏమో" అన్న అనుమానం పడింది. ఒక అందమైన నకిలీ పది మసక నిజాల్ని సాక్షి బోనులోంచి నిలబెట్టి అడిగే పరిస్థితి తెచ్చింది.

చివరికి పనిచేసినవి వేరే ఫొటోలు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశం మీద తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ అక్కడికి వెళ్ళి, చూసి, ఫొటోలతో సహా నివేదిక పంపారు. యంత్రాలు, కూలిన చెట్లు, సుమారు వంద ఎకరాల మేర చదును చేసిన నేల. నెమళ్ళు, జింకలు, పక్షులు కనిపించాయన్న మాట కూడా అందులో ఉంది. అదేరోజు కోర్టు పనులు ఆపించింది. ఆ ఫొటోలు ఏ వింతల వరసలోనూ చేరవు. ఎవరూ ఫార్వర్డ్ చేయరు. కానీ వాటికి తేదీ ఉంది, చోటుంది, "నేను చూశాను" అని సంతకం పెట్టిన మనిషున్నాడు. వింత ఫొటో పోగొట్టుకున్న మూడూ అవే.

ఇంకో ముక్క. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు ఈ గుండ్ల కోసం పాటుపడుతున్నారు, జనాన్ని వెంటబెట్టుకుని రాళ్ళ మధ్య నడిపిస్తున్నారు. ఫొటోలో చూడ్డానికీ, ఎండలో ఆ రాతిమీద చెయ్యి వేయడానికీ ఉన్న తేడా ఆ నడకలో తెలుస్తుంది. హుడా వారసత్వ జాబితాలోకి తొమ్మిది శిలాసమూహాలు ఎక్కాయంటే వాళ్ళ చలవే. ఆ జాబితాలో పేర్లు చూడండి: మష్రూమ్, టోడ్‌స్టూల్, బేర్స్ నోస్, మాన్‌స్టర్, ఒబెలిస్క్, సెంటినెల్. అన్నీ "ఇది దేనిలా ఉంది" అని దూరంనుంచి చూసి పెట్టిన పేర్లే, వింత ఫొటో కింద రాసే మాటలాంటివే. రాళ్ళని కాపాడటానికి ఆ పేర్లు పనికొచ్చాయి, కాదనను. పక్కనే మాదాపూర్ దగ్గర గుట్టల బేగంపేట అని ఓ ఊరుంది. ఆ పేరు గుట్టని దేనితోనూ పోల్చదు. గుట్టల మధ్య ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు పెట్టుకున్న పేరది. ఇప్పుడది అపార్ట్‌మెంట్ల చిరునామాల్లో ఉంది.