పాల డబ్బా సాక్ష్యం

మొన్న ఆదివారం మా మేనల్లుడు నా పరువు తీశాడు. పత్తికొండ దగ్గర మా ఎర్రనేలలో మంద పెట్టించమని గొర్రెల కాపరిని నేనే మాట్లాడి పంపితే, గట్టు మీదనుంచే వెనక్కి పంపేశాడు. "నేల ఇంకా పచ్చిగా ఉంది మామా, తొక్కితే బిగుసుకుపోతుంది" అంటాడు. చదువుకున్న పిల్లలతో ఇదే చిక్కు.

ట్రాక్టరు మీద నా కోపం ఈ శీర్షిక చదివేవాళ్లకు కొత్త కాదు. ఏటా అదే లోతున దున్ని దున్ని, సాలు అడుగున వేరు దిగనివ్వని గట్టి పొర కట్టింది అది. నింద గొర్రెకా? 2019 పశుగణన ప్రకారం మన రెండు రాష్ట్రాల్లో మూడున్నర కోట్లకు పైగా గొర్రెలున్నాయి. వాటి గిట్టలే నేలను చెరిపితే ఈపాటికి మనం తినేదేముంది?

మంద అంటే నాకు నాన్న కాలం. జొన్న కోత అయ్యాక కాపరి వచ్చేవాడు, రాత్రికి ఇన్ని సేర్లని జొన్నలు మాట్లాడుకుని. కంబళి కప్పుకుని వల పక్కనే కూర్చునేవాడు. నడిరాత్రి లేచి మందను అదిలించి, పడుకున్న చోటునుంచి నాలుగు బారలు జరిపేవాడు, పెంట ఒక్కచోటే పడకుండా. వాన ఆరగానే మా నేల అప్పడంలా పెచ్చు కడుతుంది. పొడి నేల మీద గిట్టలు ఆ పెచ్చును పగలగొట్టి పెంటను లోపలికి అదిమేవి. ఒకసారి అర్ధరాత్రి వాన అందుకుంటే మందనంతా బండ్లబాట మీదకు తోలేశాడు. జొన్నలు దండగయ్యాయని నాన్న తెల్లారేదాకా గొణిగాడు.

మేనల్లుడి నోరు మూయించాలని పాల డబ్బాలు మూడు తెచ్చి అడుగులు కోయించాను. మట్టి పరీక్ష కార్డులో 12 అంశాలుంటాయి, నత్రజని నుంచి బోరాన్ దాకా. పడిన చినుకు లోపలికి దిగుతుందో లేదో చెప్పే గడి ఒక్కటీ లేదు. అది డబ్బా చెబుతుంది. రెండు వేళ్ల లోతు దిగ్గొట్టి గ్లాసుడు నీళ్లు పోయడమే.

నిరుడు వేసవిలో మంద పడిన చోట ఎనిమిది నిమిషాల్లో ఇంకిపోయాయి. అసలు పడనిచోట పద్దెనిమిది. నేను మీసం తిప్పేలోగా మేనల్లుడు మూడో డబ్బాను పక్క చేలో దిగ్గొట్టాడు. వాళ్లు ఈ తడిలోనే రెండు రాత్రులు మంద పెట్టించారు. గంటయినా నీళ్లు అద్దంలా నిలిచే ఉన్నాయి.

వరికి దమ్ము చేసేదీ ఇందుకే కదా: తడి మట్టిని తొక్కితే సందులు మూసుకుని నీళ్లు నిలుస్తాయి. నంద్యాల రేగడి అయితే ఎండలకు నెర్రెలిచ్చి ఆ బిగువును తనే విప్పుకుంటుంది. ఎర్రనేలకు ఆ విద్య రాదు. గిట్ట దెబ్బ నాలుగంగుళాలు దాటదనీ, ట్రాక్టరుది అంతకంటే లోతనీ వాదించబోయాను. విత్తనం పడేది ఆ నాలుగంగుళాల్లోనే అని గుర్తొచ్చి ఆగిపోయాను.

ఆ రాత్రి కాపరి మందను తోలింది గొర్రెల కాళ్లు నానతాయనో, మా నేల చెడుతుందనో. నాన్న అడగలేదు, ఆయన చెప్పలేదు.

మేనల్లుడికి ఫోన్ చేసి, పదును ఆరాక కాపరిని నువ్వే పిలవమన్నాను. జొన్నల బేరం మాత్రం నాకొదిలెయ్యమన్నాను.