పడ్డ స్క్రూ కనబడాలి

“మురికి కనబడదు సార్, దీని స్పెషాలిటీయే అది” అన్నాడు ఫ్లోర్ కోటింగులు అమ్మే కుర్రాడు. చేతిలో జానెడు నమూనా పలక. బూడిద రంగు ఎపాక్సీ మీద తెలుపు, నలుపు, నీలం చిప్స్ చల్లి పైన అద్దంలాంటి పూత పోశారు. కాలమిస్టు జేబులోంచి ఓ చిన్న స్క్రూ తీసి దాని మీద వదిలాడు. స్క్రూ కాస్త దొర్లి చిప్స్‌లో కలిసిపోయింది. “ఏదీ, ఇప్పుడు చూపించు” అంటే కుర్రాడు నవ్వేశాడు. నవ్వుతూనే వేళ్లతో తడిమి వెతికాడు.

ఈ షాపు దాకా రావడానికి కారణం బావమరిది. పాత పాఠకులకు ఆయన్ను మళ్లీ పరిచయం చేయక్కర్లేదు. వాడలో ఎవరింట్లో మిక్సీ మూలపడ్డా అది చివరికి చేరేది ఆయన దగ్గరికే. రిటైరయ్యాడు కనుక కారు షెడ్డులో సగం కారుకు వదిలి, మిగతా సగంలో వర్క్‌షాపు పెట్టుకుంటాడట. వైసు బిగించిన బల్ల, డ్రిల్ స్టాండు, గ్రైండరు, కొంచెం చెక్కపని, ఓ మూల ఇన్వర్టరు బ్యాటరీ. “నేల సంగతి నువ్వే తేల్చు బావా” అని బరువు ఇటు దించేశాడు.

తీర్పు చెప్పాల్సిన మనిషికి ముందే ఒక పక్షం ఉంది. నున్నటి నేలలంటే ఈ కాలమ్‌కు మొదటినుంచీ గిట్టదు. బాత్రూముల్లో జారుడు టైల్స్ వేసే బిల్డర్ల మీద ఇక్కడ ఎన్నిసార్లు విరుచుకుపడిందీ పాఠకులకు గుర్తే. నాపరాయి మీద మమకారమూ దాచుకున్నది కాదు.

ఆ మమకారానికి కారణాలు లేకపోలేదు. కాళ్ల కింద పరిచే రాయికి తెలుగునాట కరువు లేదు. వికారాబాద్ జిల్లా తాండూరులో నీలం, పసుపు బండలు. సరిహద్దు దాటితే షాబాదు. నంద్యాల జిల్లాలో బేతంచెర్ల, పల్నాడులో మాచర్ల, ఇంకా కిందికి వెళితే కడప నల్లబండ. అన్నీ సున్నపురాయి జాతివే. అందుకే తాండూరు, మాచర్ల, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలూ వెలిశాయి. పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కాబట్టి బండలుగా చీలడం దానికి సహజం. బళ్లలో, బస్టాండుల్లో వేల కాళ్లు తొక్కినా అరిగి నునుపుదేరుతుందే తప్ప పాడవదు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగి బండను ఎగుడుదిగుడు చేసినా భయం లేదు. గడ్డపారతో లేపి, కింద ఇసుక సర్ది, అదే బండను మళ్లీ పరుచుకోవచ్చు. టైలు పగిలితే ఆ సుఖం లేదు. షాపుకు వెళ్లేసరికి ఆ డిజైను ఆగిపోయి ఉంటుంది.

ఒక్కటే ఇబ్బంది, సున్నపురాయికి యాసిడ్ పడదు. బాత్రూం కడిగే యాసిడ్ చుక్క పడిందంటే బుసబుసమని నురగ వస్తుంది. కడిగాక చూస్తే తెల్లటి గరుకు మచ్చ. ఇన్వర్టరు బ్యాటరీలో ఉండేదీ పలచని సల్ఫ్యూరిక్ యాసిడే.

ఈ పరీక్షలో కుర్రాడి సరుకుదే పైచేయి. ఎపాక్సీని తీసిపారేయడానికి లేదు. రెజిను, హార్డనరు కలిపి పోస్తే అతుకు లేకుండా గట్టిపడుతుంది. ఆయిలు ఇంకదు, పలచని యాసిడ్‌కు లొంగదు. మందుల ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో అదే వేస్తారు. దాని పెద్ద తిప్పలు కిందనుంచి వచ్చే చెమ్మతోనే. కొనేముందు ఓ పరీక్ష ఉంది. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును సిమెంటు నేల మీద పరిచి, నాలుగంచులా టేపు అతికించి 16 గంటలు వదిలేయాలి. లేపి చూస్తే అడుగున నీటి బొట్లున్నా, సిమెంటు నల్లబడినా పూత నిలవదు, పెచ్చులుగా లేస్తుంది. మన కారు షెడ్లు చాలావాటిలో నేల కింద పాలిథిన్ షీటు వేసిన పాపాన ఎవరూ పోరు. పలచటి కోటింగు అయితే ఎండనపడి వచ్చిన కారు వేడి టైర్లకు అతుక్కుని ఊడిరావడమూ ఉంది. గేటు వైపు ఎండ తగిలేచోట రంగు పసుపుబారుతుంది.

ఎటు తేల్చాలో తెలియాలంటే కాస్త మంగళగిరి వెళ్లి రావాలి.

చిన్నప్పుడు సెలవులకు కాలమిస్టు వెళ్లే మేనత్తగారింటి పక్కన వరసగా మగ్గాల ఇళ్లు ఉండేవి. గుంట మగ్గం ముందు నేసే మనిషి నేల మట్టానికి కూర్చుంటాడు. కాళ్లు గుంటలో, తొక్కుడు చెక్కల మీద ఉంటాయి. వసారాకు ఎర్రగచ్చు చేయించుకున్న ఇంట్లో కూడా మగ్గం గదిలో మట్టినేలే ఉండేది. పిల్లల కళ్లకు అది డబ్బులు చాలక ఆగిన పనిలా కనిపించేది. “గచ్చు చేయిస్తే పోగు ఊరుకుంటుందిట్రా?” అని మేనత్త నవ్వేది. మట్టిగుంటలోంచి పైకొచ్చే తేమ నూలును ఎండిపోనివ్వదు. ఎండిన పోగు పుటుక్కున తెగుతుంది, తెగిన ప్రతి పోగునూ చేత్తో అతకాలి. వేసవి మధ్యాహ్నాల్లో ఈ తేడా నేసేవాళ్ల వేళ్లకు బాగా తెలుసు. అదే గుంటలో వానాకాలం నీరు ఊరితే మగ్గం ఆగిపోతుంది. గట్టి వాన పడ్డప్పుడల్లా గుంటల్లోంచి నీళ్లు తోడిపోస్తున్న నేతకారుల ఫొటోలు పేపర్లో చూస్తూనే ఉంటాం. ఇన్ని తిప్పలున్నా గుంట మగ్గాన్ని వదలనివాళ్లు ఇంకా ఉన్నారంటే, ఆ నేల వాళ్ల పనిముట్లలో ఒకటి కాబట్టే.

కంసాలి సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఆకురాయి ఆడినప్పుడల్లా రజను రాలుతుంది. ఆ దుకాణం ఊడ్చిన దుమ్మును పెంటకుప్పలో వేయరు, బంగారం తీసేవాళ్లు డబ్బిచ్చి మరీ పట్టుకుపోతారు. బంగారం పని జరిగే బజార్లలో కాలవ మట్టిని కూడా ఎత్తి కడిగి జీవనం చేసేవాళ్లున్నారు. అక్కడ నేలలో సన్నటి పగులున్నా యజమానికి నష్టమే.

కింద కూర్చుని కాలి వేళ్లతో చెక్కను నొక్కిపట్టి పనిచేసే వడ్రంగికి మళ్లీ మట్టినేలే మేలు. ఉలి చేయిజారితే మట్టిలో దిగబడుతుంది. బండ మీద పడితే అంచు లేచిపోయి, సానరాయి ముందు కూర్చోవలసి వస్తుంది. యూరప్, అమెరికాల్లోని పాత ఇంజనీరింగ్ ఫ్యాక్టరీల్లో చెక్క దిమ్మెలను మొద్దు కోసిన ముఖం పైకి వచ్చేలా నిలబెట్టి నేలంతా పరిచేవారు. పైనుంచి పడ్డ వస్తువుకు దెబ్బ తగలదు, రోజంతా నిలబడ్డవాడి మడమలకూ హాయి.

వీళ్లలో ఎవరూ నేల ఎన్నేళ్లు మన్నుతుందన్న ప్రశ్నతో మొదలుపెట్టలేదు. తమ పనిలో ఏం రాలుతుంది, ఏం జారిపడుతుంది, పడ్డది మళ్లీ చేతికి రావాలా వద్దా అని చూసుకున్నారు. బావమరిది షెడ్డునూ అలాగే చూస్తే నాపరాయికి చిక్కొచ్చిపడింది. రెండడుగుల బండలు పరిస్తే ప్రతి రెండడుగులకూ ఒక సందు. వాషర్లు, ఇనుప రజను, కారిన ఆయిలు చేరేది అందులోకే. పంక్చరైన రోజు జాకీ సరిగ్గా బండ మూల మీద పడి, అడుగున ఇసుక సరిగా కూరి ఉండకపోతే ఆ మూల విరుగుతుంది. పార్కింగ్ టైల్స్‌దీ అదే కథ. కింద సిమెంటు నిండని డొల్ల చోట సుత్తి పడితే చాలు.

కనుక ఈ షెడ్డుకు నాపరాయి వద్దు, ఎపాక్సీ వద్దు. బూడిద రంగు సిమెంటు గచ్చు, మేస్త్రీల భాషలో ఐపీఎస్, చాలు. దాని మీద ఇత్తడి స్క్రూ మెరుస్తుంది, నల్ల స్క్రూ నల్లగా కనబడుతుంది. సందుల్లేవు గనక చీపురు ఒక్క ఊపులో వెళుతుంది. గ్రైండరు నిప్పురవ్వలు పడ్డా కాలేదేమీ లేదు. యాసిడ్‌కు ఇదీ లొంగుతుంది కాబట్టి బ్యాటరీని ప్లాస్టిక్ ట్రేలో పెట్టుకోవాలి. “నాపరాయి అంటావనుకున్నాను, ఇదేంటి బావా” అని బావమరిది ఆశ్చర్యపోయాడు. నాపరాయి వరండాలో వేసుకోమని జవాబు.

బల్ల ముందు నిలబడే చోట మాత్రం రబ్బరు మ్యాటు కావాలి. డాలస్‌లో ఉన్న మేనల్లుడు తన గ్యారేజీలో గుర్రపుశాలల కోసం చేసే ముప్పావు అంగుళం మ్యాట్లు వేసుకున్నాడు. మన దగ్గర డెయిరీలవాళ్లు గేదెల కింద పరిచేవీ అలాంటివే, పశువుల సామాన్లమ్మే షాపుల్లో దొరుకుతాయి. ఉలి పడ్డా అంచు దక్కుతుంది. పిల్లల గదుల్లో వేసే రంగురంగుల ఫోం పలకలు వద్దు, నిప్పురవ్వ పడితే కరుగుతాయి.

గచ్చు చేయించేవాళ్లకు నాలుగు మాటలు. మట్టిని దిమ్మిసతో గట్టిపరిచి, పాలిథిన్ షీటు పరిచి, బెడ్ కాంక్రీటు వేశాకే పైపొర వేయించండి. అది ఒకటిన్నర అంగుళాల మందం ఉండాలి. గాజు పట్టీలతో, ఏ వైపూ రెండు మీటర్లు దాటని గళ్లు చేయిస్తే పగుళ్లు తగ్గుతాయి. గేటు వైపు నూరడుగులకు అడుగు వాలు చాలు. తడి పైకి తేలగానే మేస్త్రి పొడి సిమెంటు చల్లి నునుపు చేయబోతాడు. అక్కడ గట్టిగా అడ్డుపడండి. ఆ పలచటి పైతోలే తర్వాత దుమ్ముగా రాలుతుంది. కనీసం వారం పది రోజులు మడి కట్టి నీళ్లు నిలబెట్టండి. నెల గడిచి నేల బాగా ఆరాక సిలికేట్ హార్డనర్ పట్టిస్తే సరి. అది సిమెంటులోని సున్నంతో కలిసి లోపలే గట్టిపడుతుంది, పైన పొర కట్టదు గనక పెచ్చులు లేచే బాధ లేదు.