నీలం గునుగు

ప్లాస్టిక్ మామిడాకుల తోరణాల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఈ వారం కొల్లాపూర్‌లో ఒక ఆఫీసుకు వెళ్తే, కౌంటర్ వెనక గోడ నిండా ప్లాస్టిక్ ఆకులే. అవి ఏ చెట్టువో చెప్పలేం. చుట్టూ మామిడి తోటలు, సోమశిల దగ్గర కృష్ణమ్మ, ఆ పక్కనే నల్లమల. ఇంత ఉన్నచోట ఆ గోడకు ఊరూ పేరూ లేదు. పీకేసి బతికున్న మొక్కలు పెట్టమని రాద్దామనుకున్నాను.

అంతలో అమ్మ బతుకమ్మ పేర్చడం యాదికొచ్చింది. పెత్రమాస వస్తుందంటే చెలకల్లోంచి గునుగు మోపులు దిగేవి. తెల్లటి గునుగును కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, కొసలను ఎరుపు, నీలం రంగునీళ్లలో ముంచి ఆరబెట్టేది. తంగేడుకు మాత్రం ఏ రంగూ అంటనిచ్చేది కాదు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, వరుస మీద వరుస గుండ్రంగా పేర్చుకుంటూ, నడుమ ఖాళీలో తరిగిన కాడలూ ఆకులూ కూరేది. అవి సరిగ్గా కూరకపోతే పైవరుసలు కుంగిపోతాయి. శిఖరాన పసుపు గౌరమ్మ. నీలం గునుగు ఏ చెలకలోనూ పూయదని వాడకట్టులో పసిపిల్లలకూ తెలుసు. అయినా అందరూ ఆ బతుకమ్మ చుట్టూ తిరిగి ఆడేవారు, మొక్కేవారు, పొద్దుగూకాక చెరువులో వదిలేవారు.

చేసిందని తెలిసీ మనసు పెట్టడం బతుకమ్మ దగ్గరే కాదు. 2014లో ఒలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు డెన్మార్క్‌లోని లూసియానా మ్యూజియం గదులను రాళ్లతో, కంకరతో నింపి, నడుమ సన్నటి నీటిపాయను పారించాడు. చూడవచ్చినవాళ్లు ఆ రాళ్ల మీదే నడిచారు. అది నది కాదని తెలిసే, అడుగు చూసుకుని వేశారు. ఇక గదిలో బతికున్న మొక్కలే కావాలంటే ఏం చేయాలో చూడండి. సియాటిల్‌లో అమెజాన్ 2018లో తెరిచిన గాజు గోళాల్లో సుమారు 40 వేల మొక్కలున్నాయి. అన్నీ ప్రాణమున్నవే. వాటికి కావలసిన వేడిని, తేమను మాత్రం యంత్రాలే అందిస్తాయి.

అందుకే మొక్కలు పెట్టమన్న మాట మానుకుంటున్నాను. కిటికీ లేని ఏసీ గదిలో మామిడి మొక్కను చంపడం నాకు ఇష్టం లేదు. కృత్రిమమైనా సరే, చేసిందని తెలిసేలా, ఈ నేలదని గుర్తుపట్టేలా ఉంటే చాలు. ఆ గోడను మన ఫైన్ ఆర్ట్స్ చదివిన పిల్లలకు అప్పగించండి. ఎండిన మామిడి టెంకలు, రాలిన ఆకులు, తంగేడు కొమ్మలతో కాలానికొకటి చేయనివ్వండి. ఆఫీసువాళ్లూ ఓ చెయ్యి వేయాలి. కాలం మారగానే విప్పేయాలి. ప్లాస్టిక్‌కు పెట్టే డబ్బును ఆ పిల్లలకు కూలిగా ఇవ్వండి.